ఓట్ల ర్యాంపు

ఓట్ల కోసం బడికి ర్యాంపు వేశాం. ఓట్లు అయిపోయిన మర్నాడు దాన్ని పీకేశాం. ఆ బడిలో మెట్లెక్కలేని ఆడపిల్ల ఒకతి చదువుకుంటోందని మునిసిపాలిటీలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. తెలియక జరిగిన పని కాదు. తెలిసే పీకించారు.

అసలు సంగతి ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది నెమ్మదిగా చెబుతాను. నేను మునిసిపాలిటీ ఇంజినీరింగు విభాగంలో వడ్రంగిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఊరి పేరు చెప్పను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినా, విజయనగరం వైపు నుంచి వచ్చినా మా ఊరి మీదుగా వెళ్ళే ఉంటారు, అంతవరకు చాలు. మనుషుల పేర్లు అసలే చెప్పను. పేరు చెబితే మీరు ఆ ఒక్క మనిషిని తిట్టుకుని ఊరుకుంటారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్ళు చదవాలని రాస్తున్నాను. మీకూ ఏదో ఒకరోజు ఇలాంటి ఆర్డరు ఫోనులో వస్తుంది.

నేను బడిలో కూర్చుని చదువుకున్నవాణ్ణి కాదు. బెంచీలు బాగుచేయడానికి బడులకి వెళ్ళేవాణ్ణి. విరిగిన బెంచీకి కాలు బిగిస్తూ, మాస్టారు బోర్డు మీద రాసేవి చూసి అక్షరాలు పట్టుకున్నాను. మేకులు పొట్లం కట్టి ఇచ్చిన పేపరు ముక్కలు చదివి మాటలు నేర్చుకున్నాను. అలా చదువుకున్నవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. ఏ కాగితం చూసినా, ఎవడి మాట విన్నా, దీనివల్ల వీడికి ఏమొస్తుందని లోపల ఒక పురుగు తొలుస్తూ ఉంటుంది. మా ఆవిడ దానికి అనుమానం జబ్బని పేరు పెట్టింది. మందు లేదని కూడా తనే చెప్పింది.

నేను చెప్పే బడి పట్నంలో పల్లపు పేటలో ఉంది. ఏరు పొంగితే నీళ్ళు ముందు అక్కడికే వస్తాయి. అందుకని కట్టినవాళ్ళెవరో అరుగు బాగా ఎత్తుగా లేపారు. మెట్లు నిటారుగా ఉంటాయి. నాలాంటివాడు కూడా చేతిలో పనిముట్ల సంచి ఉంటే మధ్యలో ఒకసారి ఆగాల్సిందే.

ఆ పిల్లకి పుట్టుకతోనే కాళ్ళు పనిచేయవు. తల్లీ తండ్రీ లేరు. మామ్మ చేపలమ్మి పెంచింది. సముద్రం ఒడ్డునుంచి వచ్చి మా చేపల బజారు వెనక స్థిరపడిన కుటుంబం. మామ్మ రోజూ ఖాళీ గంప గేటు దగ్గర బోర్లించి, మనవరాలిని చంకన ఎత్తుకుని ఆ మెట్లెక్కేది. పైన వరండాలో చక్రాల కుర్చీ ఉండేది. ఎవరో దాతలు సభ పెట్టి, దండలు వేయించుకుని ఇచ్చిపోయారు. దాన్ని కిందికి దించే దారి లేదు కనుక అది వరండాలోనే కాపురం పెట్టింది. పిల్ల మెట్ల పైన కుర్చీలో కూర్చుని తనంతట తాను క్లాసుకి పోయేది. మళ్ళీ సాయంత్రం మామ్మ వచ్చేదాకా మెట్ల అంచున ఆగి ఉండేది.

పిల్ల ఏడో తరగతికి వచ్చింది. ఎదిగే పిల్ల. మామ్మకి వయసు మీద పడుతోంది. "ఈ ఏడు మొయ్యగలను. వచ్చే ఏడు నాకు తెల్దు" అని ఆమె హెడ్‌మిస్ట్రెస్‌తో అనడం నేను విన్నాను. చదువులో ఆ పిల్ల ఎలాంటిదని అడిగితే హెడ్‌మిస్ట్రెస్ ఒకటే మాట అంది: "అది బడి మానేస్తే నాకు క్లాసులో జవాబు చెప్పేవాళ్ళు ఉండరండీ."

అప్పుడు వచ్చాయి కౌన్సిలరు ఓట్లు. నా రిటైర్మెంటుకి కొద్ది నెలలే ఉంది.

మా వార్డులో నిలబడ్డవాడికి టైల్సు, సిమెంటు కొట్టు ఉంది. నలభై దాటని మనిషి. నవ్వు మొహం. ఊళ్ళో వయసు మళ్ళిన మగాళ్ళందరూ అతనికి మావలే. ఆ రోజు నేనూ నా జోడీ వడ్రంగీ బడి గదుల్లో తలుపుల గడియలు సరిచేస్తున్నాం. పోలింగు జరిగే గదులకి గడియలు గట్టిగా ఉండాలి. మిగతా ఐదేళ్ళూ ఆ తలుపులకి తాడు కట్టుకున్నా ఎవరూ అడగరు. బయట రోడ్డు మీద మైకు మోగింది. గేటు దాకా వచ్చి విన్నాం.

అతను బడుల గురించే మాట్లాడాడు. నిజం చెప్పొద్దూ, బాగా మాట్లాడాడు. "మన బడికి పిల్లలు ఎందుకు తగ్గిపోతున్నారు? మేష్టర్లు లేకా? ఉన్నారు. పుస్తకాలు లేకా? ఉన్నాయి. చూపు లేదు. ప్రైవేటు బడి రోడ్డు మీంచి చూస్తే మెరుస్తాది. మన బడి చూస్తే గోడౌనులా ఉంటాది. తల్లి కంటికి నచ్చితేనే పిల్లని పంపిస్తాది. ముందు బడి మెరవాలి. గోడలకి టైల్సు, గేటుకి ఆర్చి, పిల్లకి బెల్టూ టై. మిగతావి వాటెనకాల అవే వస్తాయి."

గుంపులోంచి ఎవరో అడిగారు. "మరి నీ పిల్లలెక్కడ సదువుతన్నారు బాబూ?"

అతను తడుముకోలేదు. "ప్రైవేటులోనే. మీకు అబద్ధం చెప్పను. మన బడి బాగుపడిననాడు తెచ్చి ఇక్కడ వేస్తాను."

జనం చప్పట్లు కొట్టారు. ఆ నిజాయితీయే నాకు అనుమానం తెప్పించింది. దొరికిపోయే నిజాన్ని ముందే చెప్పేవాడు ఎక్కడో పెద్దదాన్ని దాస్తాడని నా అనుభవం. పైగా టైల్సు కొట్టువాడికి ఏ బడిని చూసినా టైల్సు లేకపోవడమే రోగంగా కనబడుతుంది. నేను వడ్రంగిని. నాకు బెంచీలు లేకపోవడం కనబడేది. అంతవరకు అతన్ని తప్పు పట్టను.

ఆ పిల్ల మెట్ల సంగతి అడగాలని నోరు తెరిచాను. నా జోడీ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "బావా, ఓట్ల కోడు అమల్లో ఉన్నాది. మనం ఉద్యోగులం. నోరెత్తితే ఫొటో తీసి పైకి పంపిస్తారు. నీ పెన్సనుకి నువ్వే సీడ పట్టించుకోకు."

నేను అడగలేదు. కానీ నా అవసరం లేకుండానే మామ్మ అడిగింది. మనవరాలిని చంకనుంచి దించకుండానే ముందుకి పోయింది.

"బాబూ, మెరవడం తరవాత సూద్దాం. నా మనవరాలు ఆ మెట్లెక్కలేదు. దానికేటి సేస్తావు?"

అతను మైకు పక్కవాడికి ఇచ్చేశాడు. వచ్చి పిల్ల తల మీద చెయ్యి వేశాడు. ఈసారి మైకు భాష కాదు, మా భాషే. "అమ్మా, ఓట్ల లోపల నీ పిల్లకి దారి పడిపోద్ది. నాది పూచీ. పడకపోతే నాకు ఓటెయ్యకు."

నాలుగు రోజులు తిరగలేదు, మాకు ఆర్డరు వచ్చింది. ఆ బడికి చెక్క ర్యాంపు వేయమని.

పేట పేటంతా అతని పేరే. నేనూ నా జోడీ మాత్రం మొహాలు చూసుకున్నాం. ఎందుకంటే పోలింగు జరిగే ప్రతి బడికీ ర్యాంపు వేయాలన్నది పైనుంచి వచ్చే ఆర్డరు. ముసలివాళ్ళూ, నడవలేనివాళ్ళూ ఓటుకి రావాలి కదా. ప్రతిసారీ వేస్తాం. ప్రతిసారీ విప్పుతాం. వాన వస్తుందని పేపర్లో చదివినవాడు, వాన కురిపిస్తానని పూచీ పడ్డాడు. అంతే.

మా పద్ధతి చెబుతాను, ఇది మీకు తెలియాలి. ర్యాంపు ముక్కలుగా ఉంటుంది. సరుగుడు కర్రలతో చట్రాలు, వాటి మీద చెక్కలు, పక్కన పట్టుకోవడానికి వెదురు. ఏ ముక్క పక్కన ఏ ముక్క వస్తుందో రంగుతో గుర్తులు వేసి ఉంచుతాం. ఓట్లు అవగానే విప్పి స్టోరుకి పంపాలి. మళ్ళీ ఓట్ల దాకా అవి స్టోరు వెనక వసారాలో చెదలకి మేత. మళ్ళీ ఓట్లు వచ్చేసరికి సగం పనికిరావు. కొత్త చెక్క కొంటారు. ఇది తప్పని మాకందరికీ తెలుసు. ఇదే పద్ధతని కూడా మాకందరికీ తెలుసు.

మేం ర్యాంపు బిగించేటప్పటికి బడికి సెలవిచ్చేశారు. అయినా మామ్మ పిల్లని తీసుకుని వచ్చింది. పిల్ల అడిగింది. "తాతా, నాను దిగి సూడనా?"

నా జోడీ వరండాలో కుర్చీని ర్యాంపు పై అంచుకి తెచ్చాడు. పిల్లని పైకి ఎత్తుకుపోయి కూర్చోబెట్టాం. ర్యాంపు మీద నెమ్మదిగా దిగింది. ఆ కుర్చీ నేల మీదికి రావడం అదే మొదలు. సగంలో ఆగి చక్రం పట్టుకుంది. "ఇక్కడ జారతన్నాది తాతా."

నేను చెక్క నున్నగా చిత్రిక పట్టాను, పనితనం చూపిద్దామని. చక్రం నిలవడం లేదు. అక్కడ కొబ్బరిపీచు పట్టా పరిచి మేకులు కొట్టాం. మళ్ళీ ఎక్కింది. ఇంకోచోట చూపించింది. అక్కడా కొట్టాం. తర్వాత ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. మామ్మ గంప మీద కూర్చుని చూస్తూ ఉంది.

"ఒసే, ఆపవే. ఓట్ల లోపలే అరిగిపోతాది."

"మామ్మా, బడి తెరిసినకాడి నుంచి నన్ను గేటుకాడ ఒదిలెయ్యి. నానే ఎల్తాను."

"అలగయితే మరీ మంచిది. పొద్దున్నే సేపల ఏలంపాటకి ఎల్లిపోతాను. ఇప్పుడు నాను ఎల్లేతలికి మిగిలిపోయిన రకమే దొరకతన్నాది."

నేను ఉండబట్టలేక మామ్మతో అన్నాను. "అప్పా, ఇది ఓట్లకి ఏసింది. తరవాత ఉంటాదో ఉండదో నాను సెప్పలేను."

"ఎందుకుండదు? ఆ బాబు పూచీ పడ్డాడు."

"ఆయన పూచీ పడకముందే మాకు ఆర్డరు ఉన్నాది."

నా జోడీ నన్ను మోచేత్తో పొడిచాడు. "బావా, నీ నోట్లోంచి ఒక్క మంచి మాటా రాదేటి?" మామ్మ నవ్వి, "పోనీ, ఎవులేస్తే ఏటి అన్నా, నడిసింది కదా" అంది. ఆ పిల్ల అప్పటికి మళ్ళీ పైకి వెళ్ళిపోయింది.

పోలింగు రోజు ఆ ర్యాంపు బాగా పనిచేసింది. ఆ పట్టాలు లేకపోతే ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురైనా బోర్లా పడేవారు. నడవలేని ఓటర్లకి కుర్చీ కావాలంటే, అక్కడున్నది ఆ పిల్ల కుర్చీయే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పేటలో ముసలాళ్ళందరినీ అదే మోసింది. మధ్యాహ్నానికి ఫోన్లలో ఒక ఫొటో తిరిగింది. కుర్చీలో ఒక తాత ర్యాంపు ఎక్కుతున్నాడు. పక్కన చిన్న బొమ్మలో మన అభ్యర్థి దండం పెడుతున్నాడు. కింద, "మాట ఇచ్చాం, దారి వేశాం" అని రాసి ఉంది. మేకులు కొట్టిన ఇద్దరమూ ఆ ఫొటోలో లేం. ఆ పిల్లా లేదు. కుర్చీ మాత్రం ఉంది.

మర్నాడు పొద్దున్నే మా ఇంజినీరు ఏఈగారి ఫోను. కుర్రాడే, చెడ్డవాడు కాదు. "ర్యాంపులన్నీ ఇవాళ విప్పేసి స్టోరుకి చేర్చండి."

"సార్, ఈ పేట బడిది ఒక్కటీ ఉంచేద్దాం. ఇక్కడ ఒక పిల్ల ఉంది."

"నాకు తెలుసండీ ఆ పిల్ల సంగతి. ఒకటి ఉంచితే మిగతా బడులవాళ్ళు అడగరా?"

"అడగనీండి సార్. అడిగితే మంచిదే కదా."

గొంతు తగ్గించి అన్నాడు. "మీరు రిటైరైపోతారు. నేను ఉండాలి."

ఆ మాట నాకు కోపం తెప్పించలేదు. ఆ ఒక్క మాటలోనే అబద్ధం లేదు. అందుకని అభ్యర్థికి ఫోను చేశాను. కోడు సంగతి నా జోడీ గుర్తుచేశాడు. ఓట్లు అయిపోయాయి, ఇంకేం కోడు అన్నాను.

"బాబూ, నీ పూచీ పీకేయమంటన్నారు. ఆఫీసుకి ఒక్క మాట సెప్పు."

"మావా, కౌంటింగు అవనీ. ఇప్పుడు నాను ఏటి మాట్లాడినా తప్పయిపోతాది. గెలిసినాక సెక్కది కాదు, సిమెంటుదే ఏసేద్దాం. నువ్వేటీ బెంగెట్టుకోకు."

హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగాను. ఆమె కిటికీ వైపు చూస్తూ అంది. "నన్నేమీ అడక్కండి. బడి నాదే. మెట్లు మునిసిపాలిటీవి."

విప్పడం మొదలుపెట్టాం. పట్టాలు ముందు ఊడదీశాం. చట్రాలు ఎత్తుతుంటే మామ్మ వచ్చింది. నెత్తిమీద గంపతో అక్కడే ఆగిపోయింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. చాలాసేపు చూసి అడిగింది.

"అన్నా, మీ ఓట్ల పెట్టెకి గానీ కాళ్ళు లేవేటి? దానికోసం దారేసినారు?"

నా జోడీ తల వంచుకుని మేకులు ఏరడం మొదలుపెట్టాడు. నేనూ ఏరాను. ఆమె గంప దించలేదు. వెళ్ళిపోయింది.

నీకు సిగ్గనిపించలేదా అని తర్వాత నన్ను అడిగినవాళ్ళున్నారు. నేను సిగ్గుపడను. మేకులు పీకినవాడు సిగ్గుపడితే, పీకమన్నవాళ్ళకి సిగ్గుతో పని తప్పిపోతుంది. వాళ్ళకి ఆ సాయం నేను చేయను.

అతను గెలిచాడు. బాగానే గెలిచాడు. అన్నమాట ప్రకారం బడిని పట్టించుకున్నాడు కూడా. ఇది అబద్ధమని ఎవరూ అనలేరు. వీధివైపు గోడకి టైల్సు వచ్చాయి. గేటుకి ఆర్చి వచ్చింది. మెట్లకి కూడా నల్లరాయి పలకలు పరిచారు. అద్దంలా మెరిసేవి. ఎవరి కొట్టు నుంచి వచ్చాయని నేను అడగలేదు. అడిగితే ఉచితంగా ఇచ్చానని అనేవాడేమో, అప్పుడు నా అనుమానానికి చోటుండేది కాదు. అనుమానాన్ని అలా ఉంచుకోవడమే నాకు నయమనిపించింది.

ఓపెనింగు రోజు నేను వెళ్ళాను. అప్పటికి రిటైరయ్యాను కాబట్టి నా నోటికి కోడు లేదు. "బాబూ, ర్యాంపు?" అన్నాను.

"ఎస్టిమేటు ఏయిస్తన్నాను మావా."

"ఎస్టిమేటు దాకా ఎందుకు? సెక్క నాది, సెయ్యి నాది. రేపే ఏసేస్తాను."

అతను నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. "ఇంత అందంగా సేసినాక ముందర సెక్కలు కొడితే ఎలగుంటాది మావా? నువ్వే సెప్పు. పనోడివి, నీకు తెల్దా?"

అయినా నేను చెక్కలు రిక్షాలో వేసుకుని బడికి వెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ గేటు దగ్గరే ఆపింది. అనుమతి లేకుండా ఏదైనా కట్టించి, ఎవరైనా పడితే తన ఉద్యోగం పోతుందంది. అనుమతి ఎవరివ్వాలి? కౌన్సిలరు చెబితే ఆఫీసు ఇస్తుంది. చెక్కలు తిరిగి ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ వాటి మీద వడియాలు ఎండబెట్టింది.

వానలు పడ్డాయి. తడిసిన నల్లరాయి ఎలా ఉంటుందో నాకంటే టైల్సు అమ్మేవాడికే బాగా తెలియాలి. ఒక పొద్దున్న మామ్మ పిల్లని చంకనేసుకుని ఎక్కుతూ జారింది. పిల్లని గుండెకి అదుముకుని తన మోచేతి మీద పడింది. పిల్లకి గీత కూడా పడలేదు. మామ్మ చెయ్యి మాత్రం మునుపటిలా లేవడం లేదు. గంప ఎత్తుకోవడానికే ఇంకొకరు సాయం పట్టాలి. ఇక పిల్లని ఏం ఎత్తుతుంది?

పిల్ల బడికి రావడం మానేసింది. ఇంటి ముందు కూర్చుని ఎండుచేపలు ఏరుతుండగా చూశాను. నన్ను చూసి నవ్వింది. "తాతా, ఆ ర్యాంపు మీద మీ పట్టాలు బాగుండేవి" అంది. మళ్ళీ చేపలు ఏరుకోసాగింది. ఆ కుర్చీ మాత్రం ఇంకా వరండాలోనే ఉంది.

నేను ఊరుకోలేదు. అనుమానం ఉన్నవాడికి ఓపిక కూడా ఉంటుంది. వార్డు సభలో అడిగాను. ఎస్టిమేటు పైకి వెళ్ళిందన్నారు. ఇంకో సభలో అడిగాను. ఇంజినీరు బదిలీ అయ్యాడన్నారు. అది నిజమే, నేను ఉండాలి అన్న ఆ కుర్రాడు కూడా ఉండలేదు. మా వార్డుకి ఫోనులో ఒక గ్రూపు ఉంది. కౌన్సిలరు రోజూ ఏదో ఒక ఫొటో పెడతాడు. కాలవ తీయించిన ఫొటో, దీపం వెలిగించిన ఫొటో, పిల్లలకి బెల్టులు పంచిన ఫొటో. ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కుతూ ప్రతి ఫొటో కింద ఒకే మాట రాశాను: "పేట బడికి ర్యాంపు ఎప్పుడు?" కొందరు దండం బొమ్మలు పెట్టారు. కొందరు నన్ను గ్రూపులోంచి తీసేయమన్నారు. నన్ను తీసేయలేదు. ఆ ఒక్క విషయంలో అతనికి నమస్కారం.

ఈమధ్య మళ్ళీ ఓట్ల కబుర్లు మొదలయ్యాయి. పోలింగుకి అధికారులు మళ్ళీ ఆ బడినే చూసుకుని వెళ్ళారని విన్నాను. ఆ రాత్రి భోజనాల వేళ ఫోను మోగింది. కౌన్సిలరు గొంతు రికార్డు చేసి నాకే విడిగా పంపాడు. గొంతులో వెటకారం ఉందేమోనని మళ్ళీ మళ్ళీ విన్నాను. లేదు. ఎంతో ప్రేమగా మాట్లాడాడు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"మావా, నువ్వడిగింది నాను మర్సిపోనేదు. మొన్ననే బడి మేడంగారిని కనుక్కున్నాను. ఇప్పుడు మన బడిలో నడవలేని పిల్లలు ఎవులూ లేరట. ఎక్కేవోళ్ళు లేకండా ర్యాంపు ఏస్తే రేపు ఆడిటోళ్ళు నన్ను అడగరా? మనసులో ఏటీ ఎట్టుకోకు. ఓట్లప్పుడు ఎలాగూ సెక్కది ఏయిస్తాం కదా. నీ మోకాళ్ళు బాగోనేవని ఇన్నాను, జాగర్త. ఈసారి ఓటుకి నువ్వు మెట్లెక్కక్కర్నేదు మావా, దాని మీంచే తిన్నగా వచ్చేద్దువు గానీ. కుర్సీ కూడా అక్కడే ఉన్నాది."